నలభై ఆరు ఆకుల బైనాక్యులర్

"పంతొమ్మిది ఆకులు... ఒకటోసారి. పంతొమ్మిది ఆకులు... రెండోసారి."

టీచర్ స్కెచ్ పెన్నుల పెట్టెను పైకెత్తి పట్టుకుని క్లాసంతా ఓసారి చూశారు. ఎవరూ ఇంకో అంకె చెప్పలేదు.

"మూడోసారి. పంతొమ్మిదికి పాట అయిపోయింది."

ముందు బెంచీలో కూర్చున్న ఆకుల మంత్రి తల గోక్కుంది. ఆ పెట్టెలో ఉన్నవి పన్నెండు పెన్నులు. నీలం రంగుది ఎండిపోయి ఎంత గీసినా పడదు. ఎరుపుదానికి మూత లేదు. ఆ పెట్టె ఎప్పుడూ నాలుగు ఆకులకో, మహా అయితే అయిదు ఆకులకో పోయేది. ఇవాళ పంతొమ్మిదేంటి?

'వీళ్లకేమైనా పిచ్చి పట్టిందా?' అనుకుంది.

పిచ్చీ లేదు, పాడూ లేదు. ఆ సంగతి మంత్రికి అర్థం కావడానికి ఇంకా కొంచెం టైము పడుతుంది. ఈలోగా ఈ ఆకుల గోలేంటో చెప్పేస్తాను.

అయిదో తరగతి గదిలో బోర్డు పక్కన ఒక ఇనప అల్మరా ఉంది. అందులో ఒక బైనాక్యులర్, ఒక భూతద్దం, ఒక చెస్ బోర్డు, ఇందాకటి స్కెచ్ పెన్నుల పెట్టె ఉంటాయి. అన్నీ ఒక్కొక్కటే. పిల్లలు చూస్తే ముప్పై మంది. వాటిని ఇంటికి ఎవరు తీసుకెళ్లాలని రోజూ తగువే. ఆ తగువులు తీర్చలేక టీచర్ ఒక పద్ధతి పెట్టారు.

బోర్డు తుడిస్తే ఒక ఆకు. కుండీలకి నీళ్లు పోస్తే ఒక ఆకు. నోటుపుస్తకాలు పంచితే ఒక ఆకు. ఆకంటే చెట్టుకి కాసేది కాదు. ఆకుపచ్చ చార్ట్ పేపర్‌ని చిన్న పంచింగ్ మెషిన్లో పెట్టి నొక్కితే టక్కున ఊడిపడే కాగితం ఆకు. వాటిని దాచుకుని శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో వేలం పాట పాడాలి. ఎవరు ఎక్కువ ఆకులకి పాడితే వస్తువు వాళ్లది. శని, ఆదివారాలు ఇంట్లో ఉంచుకుని సోమవారం పొద్దున్నే తెచ్చి ఇచ్చెయ్యాలి. పాటలో కట్టిన ఆకుల్ని టీచర్ అక్కడికక్కడే చించేస్తారు.

ఆకులు కొట్టి పంచేవాళ్లే ఆకుల మంత్రి. నెలకొకరు. పోయిన నెల మంత్రిగా ఉన్నవాడు మహా కచ్చితం మనిషి. బోర్డు మూల ఒక చిన్న గీత మిగిలినా ఆకు ఇచ్చేవాడు కాదు.

రెండు వారాల కిందట ఆ మెషిన్ మన మంత్రి చేతికి వచ్చింది. ఈ పిల్లది మెత్తని మనసు. అడిగితే లేదనే మాట నోటికి రాదు. "ఒక్కటేనా?" అని ఎవరైనా మొహం వేలాడేస్తే చాలు, టక్ టక్ మని ఇంకో రెండు కొట్టేసేది. బోర్డు తుడిస్తే మూడు. కిటికీ తీస్తే రెండు. కింద పడ్డ పెన్సిల్ తీసిస్తే రెండు. "నేనివాళ అసలు అల్లరే చెయ్యలేదు" అని గుర్తు చేసినవాడికి కూడా ఒకటి. మంత్రి పని మాత్రం పని కాదా అని తనకి తను రోజుకి మూడు.

పిల్లలు చంకలు గుద్దుకున్నారు. ఇంత మంచి మంత్రి ఇదివరకు లేనే లేదన్నారు. నాలుగు చార్ట్ పేపర్లు జల్లెడలైపోయాయి. పోయిన శుక్రవారమే స్కెచ్ పెన్నులు ఎనిమిదికి వెళ్లాయి కానీ, ఆ సంబరంలో ఎవరికీ పట్టలేదు.

అదీ సంగతి. ఇప్పుడు మళ్లీ క్లాసులోకి వద్దాం.

"ఇక మిగిలింది బైనాక్యులర్" అన్నారు టీచర్.

కిటికీ పక్క బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి నిలబడింది. ఆ పిల్లని అందరూ డిబ్బీ అంటారు. వచ్చిన ఆకుని వచ్చినట్టు ఖాళీ పౌడరు డబ్బాలో వేసి మూత పెట్టేస్తుంది మరి. మూడు నెలలుగా దేనికీ పాట పాడలేదు. తమ్ముడు మెట్ల మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే, వాడి దగ్గర ఉండటానికి రెండు వారాలు బడి మానేసింది. రావడం ఇవాళే రావడం.

"పద్దెనిమిది" అంది డిబ్బీ, డబ్బాని గుండెకి హత్తుకుని.

ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఇరవై అయిదు" అన్నాడు కీపర్. వాడు బడి ఫుట్‌బాల్ జట్టుకి గోల్ కీపర్. చేతి తొడుగులు లెక్కల పీరియడ్‌లో కూడా తియ్యడు.

"ముప్పై" అన్నారు వెనక బెంచీ కవలలు. ఇద్దరూ ఆకులు ఒకచోట కలిపేసుకుని పాడుతున్నారు.

"నలభై."

"నలభై రెండు."

"నలభై అయిదు" అన్నాడు కీపర్. వాడి దగ్గర ఉన్నవి సరిగ్గా అన్నే.

"నలభై ఆరు."

కీపర్ బల్ల మీద ఒక్క గుద్దు గుద్ది కూర్చున్నాడు. టీచర్ మూడుసార్లూ చెప్పేశారు. బైనాక్యులర్ కవలల చేతుల్లోకి వెళ్లిపోయింది.

డిబ్బీ ఇంకా నిలబడే ఉంది.

"టీచర్, ఇది పదిహేనుకి కదా పోయేది?"

"అవునమ్మా, పోయేది."

"నా దగ్గర పద్దెనిమిది ఉన్నాయి. ఒక్కటి కూడా పారేసుకోలేదు."

"తెలుసు."

"మరి?"

టీచర్ ఒక్కసారి మంత్రి వైపు చూసి అల్మరాకి తాళం వేశారు. ఆ చూపు మంత్రికి ఎక్కడో గుచ్చుకుంది. తనేం చేసింది? ఒకరి దగ్గర ఒక్క ఆకు తీసుకోలేదు. అందరికీ ఇచ్చింది, అంతే కదా.

గంట కొట్టారు. మంత్రి వరండాలో కవలలకి అడ్డం నిలబడింది.

"ఆ బైనాక్యులర్ ఒకసారి ఇలా ఇవ్వండి."

దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. కుడివైపు అద్దం మీద పాత గీత అలాగే ఉంది. తాడుకి వేసిన ముడీ అదే. కళ్లకి పెట్టుకుంటే గేటు దగ్గర వాచ్‌మన్ మీసం ఎప్పటిలాగే దగ్గరగా కనిపించింది. పదిహేను ఆకులప్పుడు ఎంత దగ్గరగా కనిపించిందో నలభై ఆరు ఆకులకీ అంతే.

"ఏమైనా కొత్తగా బిగించారేమో అనుకున్నా" అని తిరిగి ఇచ్చేసింది.

కవలలు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని వెళ్లిపోయారు.

చేతులు కడుక్కునే కుళాయి దగ్గర డిబ్బీ ఒక్కతే నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మంత్రి పక్కకి వెళ్లింది.

"బైనాక్యులర్ నీకెందుకే?"

"నాకు కాదు, తమ్ముడికి. వాడు మంచం దిగకూడదన్నారు డాక్టరు గారు. కిటికీలోంచి చూడటమే వాడి పని. ఎదురింటి గొట్టంలో ఒక పిట్ట గూడు పెట్టింది. పిల్లల్ని కూడా పొదిగింది. మా కిటికీలోంచి చుక్కల్లా కనిపిస్తాయి. రెండని నేనంటాను, మూడని వాడంటాడు. వాటికి రెక్కలు వచ్చేస్తున్నాయి. ఎగిరిపోయే లోపల దగ్గరగా చూపిస్తానని మాటిచ్చాను."

"అయ్యో."

"సరిపోతాయనే అనుకున్నాను. పదిహేనుకి ఇంకో మూడు ఎక్కువే ఉన్నాయి కదా." డిబ్బీ డబ్బా మూత తీసి లోపలికి చూసింది. "అన్నీ ఉన్నాయి. అయినా తక్కువయ్యాయి. ఎలా తక్కువయ్యాయో నాకు తెలియడం లేదు."

మంత్రికీ తెలియలేదు. కానీ ఊరుకునే రకమా ఆ పిల్ల?

"వచ్చే శుక్రవారం అది నీదే. ఆ పూచీ నాది" అనేసింది.

* * *

ఆ సాయంత్రం ఇంట్లో రెండు చప్పుళ్లు పోటీ పడ్డాయి. ఒకటి అమ్మ కుట్టు మిషన్‌ది. రెండోది మంత్రి పంచింగ్ మెషిన్‌ది.

"ఆ టక్ టక్ కాసేపు ఆపవే తల్లీ. నా కుట్టు వంకర పోతోంది" అంది అమ్మ సూదిలోకి దారం ఎక్కిస్తూ. "ఇంటినిండా ఆ పచ్చ ముక్కలేంటి?"

"యాభై అవ్వగానే ఆపేస్తా."

అప్పుడే నాన్న డ్యూటీ దిగి వచ్చాడు. నాన్న దూరం ఊళ్లు తిరిగే బస్సులో కండక్టరు. తోలు సంచి మేకుకి తగిలించి, చొక్కా కాలరు వదులు చేసుకుని, కూతురి పక్కన నేల మీద చతికిలపడ్డాడు.

"ఎవరికమ్మా ఇన్ని?"

మంత్రి అంతా చెప్పింది. తను అడిగినవాళ్లకి అడిగినన్ని ఇవ్వడం, ధరలు కొండెక్కి కూర్చోవడం, డిబ్బీ తమ్ముడు, గొట్టంలో గూడు, అన్నీ. చెప్తుంటే బుర్ర ఇంకా వేడెక్కింది.

"నేను ఇచ్చాను నాన్నా. తీసుకోలేదు. ఇస్తే ఎక్కువ అవ్వాలి కదా? దానికి తక్కువ ఎలా అయ్యాయి?"

నాన్న నవ్వలేదు. రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు.

"నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఇలాంటి మంచిపనే ఒకటి చేశాను" అన్నాడు. "సెలవులకి ముందు రోజు. బస్సులో నలభై సీట్లు. బస్టాండులో నూట యాభై మంది. సీటు నంబరు వేసి చీటీ రాసివ్వడం నా పని. చంటిపిల్లతో ఒకావిడ బతిమాలింది. రాసిచ్చాను. పరీక్ష ఉందని ఒక కుర్రాడు చేతులు పట్టుకున్నాడు. రాసిచ్చాను. కాదనడానికి నోరు రాలేదు. మొత్తం అరవై చీటీలు రాశాను."

"మంచి పనేగా?"

"అందరూ అలాగే అన్నారు. పది నిమిషాల పాటు ఆ బస్టాండులో నా అంత మంచివాడు లేడు. తరవాత బస్సు తలుపు తీశాను."

కుట్టు మిషన్ ఆగింది. అమ్మకి ఈ కథ తెలిసినట్టే ఉంది, మూతి బిగించి నవ్వు ఆపుకుంటోంది.

"పద్నాలుగో నంబరు సీటుకి ఇద్దరు వచ్చారు. ఇరవై రెండుకీ ఇద్దరే. తోపులాట, అరుపులు. తెల్లారకముందే వచ్చి అందరికంటే ముందు చీటీ తీసుకున్న ఒక పెద్దాయన తోసుకోలేక కిందే ఉండిపోయాడు. చేతిలో చీటీ అలాగే ఉంది. నేను దాన్ని లాక్కోలేదు, చింపలేదు. కానీ ఆయన సీటు పోయింది."

"చీటీ ఉంది కదా?"

"ఉంది."

"మరి సీటు..."

"సీటు చీటీలో ఉంటుందా, బస్సులో ఉంటుందా?"

మంత్రి మెషిన్‌ని ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. కాసేపు అర్థమైనట్టు ఉంటుంది. అంతలోనే జారిపోతుంది. చీటీలు పెరిగాయి, సీట్లు పెరగలేదు. ఆకులు పెరిగాయి, బైనాక్యులర్ ఒక్కటే. డిబ్బీ బడిలో లేదు, డిబ్బీ ఆకులు పెరగలేదు.

"అయితే దానికి ఒక్కదానికే ఈ యాభై ఇచ్చేస్తే?"

"ఇవ్వొచ్చు. అప్పుడు ఇంకెవరో కింద నిలబడతారు. వాళ్లకి ఎందుకిలా అయిందో కూడా తెలియదు, పాపం."

"మరి నువ్వేం చేశావ్ అప్పుడు?"

"ఏం చేస్తాను? ఎక్కువ రాసిన ఇరవై చీటీలూ వెనక్కి అడిగాను."

"ఇచ్చారా?"

"ఇవ్వకేం? తిట్లతో సహా ఇచ్చారు."

"ఎంతమంది తిట్టారు నాన్నా?"

"డ్రైవరుతో కలిపి చెప్పనా, కలపకుండానా?"

అమ్మ ఇక ఆపుకోలేక నవ్వేసింది. మంత్రికి మాత్రం నవ్వు రాలేదు. ఎదురుగా నేల మీద నలభై మూడు ఆకులు పడి ఉన్నాయి. ఇందాక అవి బోలెడంత సాయంలా కనిపించాయి. ఇప్పుడు వాటిని చూస్తే భయమేసింది. ఒక్కొక్కటీ ఏరి, ముక్కలు చేసి, అమ్మ బట్టపేలికల బుట్టలో పడేసింది.

* * *

సోమవారం పొద్దున పాఠం మొదలవ్వకముందే మంత్రి టీచర్ బల్ల దగ్గరికి వెళ్లింది. చెప్పాల్సింది చెప్పేసింది. చెప్తున్నంతసేపూ చెవులు కాలిపోయాయి.

"నాకు మొదటి వారంలోనే తెలిసింది" అన్నారు టీచర్. "నీకు నువ్వే కనిపెడతావులే అని ఊరుకున్నాను. డిబ్బీ బడికి రావడం లేదన్న సంగతి మాత్రం నా బుర్రలోంచి జారిపోయింది. ఆ తప్పు నాది. వెళ్లి క్లాసుకి చెప్పు."

"నేనా?"

"ఆకులు పంచింది నువ్వే కదమ్మా."

మంత్రి బోర్డు ముందు నిలబడింది.  ముప్పై జతల కళ్లు తననే చూస్తున్నాయి.

"మీరు చెయ్యని పనులకి కూడా నేను ఆకులు ఇచ్చాను. ఒక పనికి ఒకటి ఇవ్వాల్సింది మూడు ఇచ్చాను. అందుకే అన్నిటి పాటా పైకి వెళ్లిపోయింది. ఎక్కువ ఇచ్చినవి వెనక్కి ఇచ్చెయ్యండి."

 తరవాత చూడాలి గోల.

"నేనెందుకివ్వాలి? దొంగతనం చేశానా?" అన్నాడు కీపర్.

"చెయ్యలేదు. నేనే ఇచ్చాను."

"ఇచ్చింది మళ్లీ అడుగుతారా ఎవరైనా?"

"తగ్గిపోతే అందరం పేదవాళ్లం అయిపోమూ?" అంది కవలల్లో ఒకతి.

మంత్రికి ఆ ప్రశ్నకి జవాబు ఉందని తెలుసు. మాటల్లో పెట్టడం చేతకాలేదు. సంచిలోంచి తన ఆకుల కవరు తీసింది. ముప్పై ఒకటి. దేవుడి మీద ఒట్టేసి చెప్పాలంటే అందులో నిజంగా పనిచేసి సంపాదించినవి రెండో మూడో ఉంటాయి. అన్నీ బల్ల మీద గుమ్మరించి, గుప్పెళ్లతో చించి, చెత్తబుట్టలో వేసేసింది.

క్లాసంతా నోరెళ్లబెట్టింది.

"అయ్యో, ముప్పై ఒకటి" అంది ఒక కవల.

"అంటే ఈ శుక్రవారం భూతద్దానికి తను మనకి పోటీ రాదు" అంది రెండో కవల మెల్లిగా. "తన దగ్గర లేవు కాబట్టి. మనం తక్కువకే పాడొచ్చు." వేళ్లు ముడిచి తెరిచింది. "అందరి దగ్గరా తక్కువే ఉంటే, అన్నీ తక్కువకే వస్తాయి. పోయిన నెల వచ్చినట్టు. అవునా?"

"అవునా?" అని అందరూ టీచర్ వైపు చూశారు.

"నన్నడుగుతారేంటి? చూసుకోండి" అన్నారు టీచర్.

"అయితే మీరంతా చించేసుకోండి. నేను దాచుకుంటా" అన్నాడు కీపర్. "అప్పుడు బైనాక్యులర్ నాదే. ఆదివారం పెద్దవాళ్ల మ్యాచ్ ఉంది. మా మేడ మీంచి గోల్‌పోస్టు కనిపిస్తుంది."

దాంతో మళ్లీ గందరగోళం. ఒకడు ఇవ్వకపోతే మేమూ ఇవ్వం అన్నారు అందరూ. అరుపుల మధ్య డిబ్బీ చెయ్యి ఎత్తి చాలాసేపటినుంచి కూర్చుని ఉంది. టీచర్ బల్ల మీద స్కేలు కొట్టి, "చెప్పమ్మా" అన్నారు.

"ఎవరెవరు ఏ పని చేశారో వాళ్లకి గుర్తుంటుంది కదా టీచర్. చేసిన పనికి ఒకటి చొప్పున ఉంచుకుని మిగతావి శుక్రవారం తెచ్చి ఇచ్చేస్తే సరి."

"వీడు ఎక్కువ ఉంచేసుకుంటే?" అని ఎవరో కీపర్‌ని చూపించారు.

"వాడు బోర్డు ఎన్నిసార్లు తుడిచాడో మనందరం చూశాం."

కీపర్ తొడుగులు పైకి లాక్కున్నాడు. వాడు తుడిచిన బోర్డు మీద మిగిలిన సుద్దతో ఇంకో పాఠం రాయొచ్చని అందరికీ తెలుసు.

ఆ వారం మంత్రికి చుక్కలు కనిపించాయి. నోటుపుస్తకాలు పంచినవాడు మూడు అడిగితే ఒకటిచ్చింది. పెన్సిల్ తీసిచ్చినందుకు ఏమీ ఇవ్వలేదు. "పిసినారి మంత్రి" అన్నారు. టిఫిన్ బాక్సు తెరిస్తే పక్కన కూర్చోవడానికి రోజూ వచ్చేవాళ్లు రాలేదు. మంగళవారం ఇంటికెళ్లి ఏడ్చింది కూడా. నాన్న ఓదార్చలేదు. "డ్రైవరు తిట్టడం మొదలెట్టాడా ఇంకా లేదా?" అని అడిగాడు.

* * *

శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో చెత్తబుట్ట బెంచీ బెంచీకీ తిరిగింది. కొందరు గబగబా వేసేశారు. కొందరు ఒక్కొక్క ఆకూ తీసి, దాని మొహం చూసి, వదల్లేక వదిలారు. కవలలు ఇద్దరూ లెక్కలో తేడా వచ్చి కాసేపు కొట్టుకున్నారు. కీపర్ ముప్పై వేసి, "నాకు పదకొండు మిగిలాయి" అన్నాడు. వాడు చెయ్యి ఊపేసరికి తొడుగులోంచి నాలుగు ఆకులు జలజలా రాలాయి.

క్లాసు పగలబడి నవ్వింది. కీపర్ మొహం కందగడ్డ అయింది. రెండు తొడుగులూ తీసి, తిరగేసి దులిపి, ఆ నాలుగూ తనే ఏరి బుట్టలో వేశాడు.

స్కెచ్ పెన్నులు అయిదుకి పోయాయి. ఆఖరున టీచర్ బైనాక్యులర్ పైకెత్తారు.

"ఏడు" అన్నారు వెనకనుంచి.

"తొమ్మిది."

"పదకొండు" అన్నాడు కీపర్, ఉన్నవన్నీ బల్ల మీద పెట్టి.

డిబ్బీ లేచింది.  ఒక్క ఊపిరిలో, "పద్దెనిమిది" అంది.

"పదకొండు దగ్గర ఉన్నామమ్మా" అన్నారు టీచర్. "పన్నెండంటే చాలు."

డిబ్బీ టీచర్ని చూసింది. డబ్బాని చూసుకుంది. నమ్మకం కుదరలేదు.

"పన్నెండా? పన్నెండు చాలా?"

"ఒకటోసారి" అన్నారు టీచర్. "రెండోసారి." అందరూ కీపర్ వైపు చూశారు. వాడు ఖాళీ తొడుగుల్ని చూసుకుంటున్నాడు. "మూడోసారి."

మంత్రికి ఎగిరి గంతెయ్యాలనిపించింది. వాడి మొహం చూసి ఊరుకుంది.

* * *

శనివారం పొద్దున మంత్రి కూడా డిబ్బీ వాళ్లింటికి వెళ్లింది. మేడ మీద చిన్న గది. మంచాన్ని కిటికీకి ఆనించి వేశారు. మంచం మీద ఆరేళ్ల పిల్లాడు, కాలికి మోకాలి దాకా పిండికట్టు. దాని మీద ఎవరో కారు బొమ్మ గీశారు. అక్క చేతిలో బైనాక్యులర్ చూడగానే చేతులు చాచాడు.

"ఎక్కడే, ఎక్కడ? ఏమీ కనిపించట్లేదు."

"తిరగేసి పట్టుకున్నావురా."

సరిగ్గా పట్టుకున్నాక వాడు ఊపిరి బిగబట్టాడు. ఎదురింటి గోడకి ఒక పాత గొట్టం. గొట్టం నోట్లో ఎండుగడ్డి.

"కనిపించింది. దీనికి కళ్ల చుట్టూ తెల్లగీత ఉంది. నోరు పసుపు. అక్కా, ఇది నన్నే చూస్తోంది." గొట్టమంతా వెతికాడు. "ఒక్కటే ఉందేంటి?"

 ఆ ఒక్క పిల్ల గొట్టం అంచుకి వచ్చి రెక్కలు విదిలించింది. ముందుకి తూలింది, వెనక్కి వెళ్లింది, మళ్లీ వచ్చింది. తరవాత ఒక్కసారిగా గాల్లోకి పడి, పడుతూ పడుతూనే ఎగిరి, మేడ మీంచి వెళ్లిపోయింది.

"చూశాను" అని వాడు అరిచాడు. "కాళ్లు కడుపుకింద ముడుచుకుంది. నేను చూశాను అక్కా." మళ్లీ గొట్టం వైపు తిప్పాడు. గడ్డి మాత్రమే ఉంది. "మిగతావి ఎప్పుడు ఎగిరాయి?"

"ఈ వారంలోనే ఎప్పుడో" అంది డిబ్బీ.

"అయితే ఎన్ని ఉండేవో ఇంక ఎప్పటికీ తెలియదన్నమాట."

మంత్రి ఖాళీ గొట్టం వైపు చూసింది. పోయిన శనివారం అవన్నీ గొట్టంలోనే ఉన్నాయి. తను ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. అయినా వీడికి రావాల్సింది వీడికి రాకుండా పోయింది. చాలా సిగ్గుగా, చాలా బాధగా అనిపించింది.

"నా వల్లే" అంది.

"నువ్వేం చేశావ్?" అన్నాడు వాడు.

"అందరికీ ఎక్కువెక్కువ ఇచ్చేశాను."

వాడికి ముక్క అర్థం కాలేదు. బైనాక్యులర్ కళ్లకి పెట్టుకుని ఎదురింటి కిటికీలో పళ్లు తోముకుంటున్న తాతగారిని చూడటం మొదలుపెట్టాడు.

* * *

సోమవారం పొద్దున డిబ్బీ బైనాక్యులర్ తెచ్చి అల్మరాలో పెట్టింది. తరవాత బకెట్ తీసుకుని వరండాలో కుండీలన్నిటికీ నీళ్లు పోసింది. ఒక్క కుండీ కూడా వదల్లేదు. ఎండుటాకులు ఏరి పారేసి, తడిచేతులు గౌనుకి తుడుచుకుని మంత్రి ముందుకి వచ్చి అరచెయ్యి చాపింది.

మంత్రి చార్ట్ పేపర్‌ని మెషిన్లో పెట్టింది. ఈ పిల్లకి పది ఇవ్వాలనిపించింది. ఇరవై ఇవ్వాలనిపించింది. చుట్టుపక్కల చూస్తే ఎవరూ లేరు.

టక్.

ఆకు ఒకటి ఊడి ఒళ్లో పడింది. మంత్రి బొటనవేలు ఇంకా మెషిన్ మీదే ఉంది. నొక్కబోయింది. ఆగింది. మెషిన్‌ని సంచిలో పెట్టి, జిప్పు చివరిదాకా లాగేసి, ఆ ఒక్క ఆకునీ డిబ్బీ చేతిలో పెట్టింది.